రాజద్వారమా, దిడ్డివాకిలా? మన సరిహద్దు పిల్లల డిగ్రీ చదువు



ద్వితీయ పి.యు.సి. ఫలితాలు వెలువడగానే మన బళ్ళారి సత్యనారాయణపేటలోని తెలుగు ఇళ్ళలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది. బిడ్డను రోజూ తరగతులు జరిగే కళాశాలలో చేర్చాలా, లేక దూరవిద్యలో చేర్చి, పగలు ఏదైనా పనిలో పెట్టి, డిగ్రీ చేయించాలా? కలిగిన ఇంట ఇది పెద్ద ప్రశ్న కాదు. జీన్సు ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో దర్జీకి, దుకాణంలో గుమాస్తాకు ఇది మూడేళ్ళ సంసారానికి సంబంధించిన ప్రశ్న. ఆడపిల్ల విషయంలోనైతే "ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు కదా" అన్న మాట ఎంత సులభంగా నోటికి వస్తుందో మీకు తెలియనిది కాదు.

ఈ ప్రశ్నకు జవాబు ఫీజుల పట్టికలో మాత్రమే వెతికితే దొరకదు. దీని వెనుక మన ప్రాంతానికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది. ప్రతి తరంలోనూ చదువుల కోటకు ఒక రాజద్వారం ఉండేది, పక్కన ఒక దిడ్డివాకిలి ఉండేది. పెద్ద ద్వారం దాటడానికి సొమ్ము, ప్రయాణం, తీరిక కావాలి. దిడ్డివాకిలి చౌక. చౌక కాబట్టి అది తక్కువ చదువు అన్న మాట చరిత్ర ముందు నిలవదు. చౌక కాబట్టి అది అందరికీ క్షేమం అన్న మాటా నిలవదు. ఆ దారిన వెళ్ళినవాడు లోపల కుదురుకున్నాడా, బయటే మిగిలిపోయాడా అన్నది రెండు విషయాల మీద ఆధారపడింది. ఆ వాకిలికి అనుమతి ఇచ్చినవారు ఎవరు అన్నది మొదటిది. లోపల ఉన్న పుస్తకం ఏ భాషలో ఉన్నది అన్నది రెండవది. ఈ రెండింటినీ మనసులో పెట్టుకొని ఈ కథ చదవవలసిందిగా మనవి.

1823: బళ్ళారి కలెక్టరు పంపిన లెక్క

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్న సీమలో మన బళ్ళారి ఒక భాగం. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చినదే. ఈ సీమలో పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరునూ అక్కడి బడుల లెక్క పంపమని కోరాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి.క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఇతడు తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చువేయించిన మనిషి కాబట్టి, బడిలో ఏమి జరుగుతున్నదో చూసి అర్థం చేసుకోగల చూపు ఇతనికి ఉన్నది.

ఆ లెక్క ప్రకారం బళ్ళారి జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదువుకునేవారు 6,641 మంది. అంటే వెయ్యి మందిలో ఏడుగురు కూడా లేరు. బడులలో కన్నడానివి 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీకానివి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒకటి. ఇవి కాక సంస్కృత శాస్త్రాలు చెప్పే చోట్లు 23. కన్నడ, తెలుగు బడుల సంఖ్య దాదాపు సమంగా ఉండడం గమనించండి. ఈ రెండు భాషలూ ఈ ఊరికి ఇరుగుపొరుగు కావు, ఒకే ఇంటి రెండు గదులు. చదివేవారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

క్యాంబెల్ ఆ నివేదికలో మూడు సంగతులు చెప్పాడు. ఈ బడులు చాలా కొద్ది ఖర్చుతో నడుస్తున్నాయని, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతి దానికి కారణమని మొదటిది. ఆ పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసులో చూసి ఇంగ్లండుకు తీసుకుపోగా, అక్కడ అది "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో వ్యాపించింది. చౌక చదువును సీమదేశం మన దగ్గర నేర్చుకున్నదన్నమాట. అంత చౌకైన బడికి కూడా పిల్లలను పంపలేని పేదరికం జనంలో పెరిగిందని, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదని రెండవది. మూడవది మన వృత్తివారికి గట్టిగా తగులుతుంది. బడిలో పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వేరు, వారు ఇంట్లో మాట్లాడే భాష వేరు. అందువలన చదవడం వస్తున్నది గాని అర్థం తెలియడం లేదని ఆయన రాశాడు.

ఖర్చు, ఆదరవు, పుస్తకం భాష. 1823లో ప్రాథమిక చదువుకు ఉన్న ఈ మూడు చిక్కులే నేడు డిగ్రీ చదువుకు ఉన్నాయి.

మద్రాసు దూరం

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. బళ్ళారిలో లండన్ మిషన్ వారి వార్డ్లా విద్యాసంస్థ ఇంగ్లీషు చదువు నేర్పినా, బి.ఏ. పట్టా కోసం రైలెక్కి మద్రాసు వంటి పట్టణానికి పోవలసిందే. మన నాటకరంగానికి పేరు తెచ్చిన బళ్ళారి రాఘవ (1880–1946) మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివి, అక్కడే న్యాయశాస్త్రం పూర్తిచేసి తిరిగి వచ్చి ఇక్కడ వకీలు అయ్యాడు. అలా వెళ్ళగలిగినవారు ఎందరు? తెలివితేటలు లేక ఆగిపోయినవారికంటే, మద్రాసులో తిండికి, బసకు డబ్బు లేక ఆగిపోయినవారే ఎక్కువ.

1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల వెలసింది. నేటి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల అదే. సీమ పిల్లలకు ఉన్నత విద్య చేతికందే దూరానికి వచ్చిన సందర్భం అది. దత్తమండలాలు అన్న పేరు అవమానకరమని తలచి 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు ఆ కళాశాల అధ్యాపకులే.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు పెద్ద వివాదం చెలరేగింది. అది ఎక్కడ ఉండాలి? బెజవాడలో మొదలై చివరకు వాల్తేరుకు చేరింది. అనంతపురంలో ఉండాలన్న సీమవారి కోరిక తీరలేదు. తెలుగు పేరుతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో చేరడంకంటే మద్రాసు పరిధిలో మిగలడమే మేలని దత్తమండలాల పెద్దలు తలచారు, తిరిగి మద్రాసు పరిధిలోకే వెళ్ళారు. భాషాభిమానం లేక వారు అలా చేయలేదు. బళ్ళారి పిల్లవాడికి వాల్తేరు మద్రాసుకంటే దూరం. చదువు విషయంలో దూరం అంటే డబ్బు.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో, అనంతపురంలో కూడా ఒక విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్న షరతు ఉన్నది. నీళ్ళ వాటా, రాజధాని వంటి పెద్ద మాటల మధ్య ఈ షరతు చాలామందికి కనబడదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1968లో దాని అనుబంధంగా అనంతపురంలో స్నాతకోత్తర కేంద్రం, 1981లో అక్కడే శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1937 నాటి మాట నెరవేరడానికి 44 ఏళ్ళు పట్టింది. అప్పటికి మన బళ్ళారి ఆ రాష్ట్రంలోనే లేదు.

పండితుల దారి

రాజద్వారం అందని తెలుగు పిల్లలకు ఈ కాలమంతా మరొక దారి ఉండేది. ప్రాచ్య కళాశాలల్లో చదివి విద్వాన్, ఉభయభాషాప్రవీణ, భాషాప్రవీణ పట్టాలు పొందడం. కొన్ని కళాశాలలకు దేవస్థానాల, ధర్మదాతల అండ ఉండేది. ఇంగ్లీషు రాని పేద ఇంటి పిల్లవాడు భారతం, వ్యాకరణం, అలంకారశాస్త్రం క్షుణ్ణంగా చదివి తెలుగు పండితుడై బడిలో చేరేవాడు. మనకు తెలుగు నేర్పిన పాత తరం అయ్యవార్లలో ఎక్కువమంది ఈ దారిన వచ్చినవారే. వారి పాండిత్యం ముందు నేటి ఎం.ఏ.లు నిలవడం కష్టం.

అయితే ఆ పట్టా బి.ఏ.తో సమానం కాదన్న మాట వారిని జీవితమంతా వెంటాడింది. జీతం తక్కువ, పదోన్నతి తక్కువ. అదే బడిలో అదే పిల్లలకు పాఠం చెప్పే ఇతర ఉపాధ్యాయులతో సమానంగా తమను గుర్తించాలని ఆంధ్రదేశంలో భాషాపండితులు దశాబ్దాల పాటు ప్రభుత్వాలను అడగవలసి వచ్చింది. విద్యలో లోపం లేదు. ముద్రలోనే లోపం.

నిజాము రాజ్యంలో కథ ఇంకొక విధం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య చెప్పవచ్చునని నిరూపించినందుకు దానిని మెచ్చుకోవాలి. కాని ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అక్కడ బోధనభాషగా చోటు లేదు. 1943లో స్థాపితమైన నిజాంరాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద అన్న పేర్లతో తెలుగు పరీక్షలు నడిపింది. ఇంటివద్ద చదువుకొని పరీక్షకు కూర్చున్న గృహిణులు, చిరుద్యోగులు ఆ పరిషత్తు వలన తెలుగు చదువరులయ్యారు.

ఇక్కడ ఆగి రెండు పక్కలా చూడండి. ఒక పక్క పట్టాకు విలువ ఉన్నది, పుస్తకం మన భాషలో లేదు. మరొక పక్క పుస్తకం మన భాషలో ఉన్నది, పట్టాకు పూర్తి విలువ లేదు. ఈ రెండూ ఒకే చోట కలవడానికి మన పెద్దలు చాలా కాలం ఎదురుచూశారు.

ఇంటికి వచ్చిన పాఠం

కళాశాల మెట్టు ఎక్కకుండానే లండన్ విశ్వవిద్యాలయ పరీక్షకు కూర్చోవచ్చునన్న నియమం 1858లోనే వచ్చింది. మన దేశంలో ఆ వెసులుబాటు నూరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం తపాలా ద్వారా పాఠాలు పంపే కోర్సులు ప్రారంభించింది. 1969లో మైసూరు విశ్వవిద్యాలయం, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ దారి పట్టాయి. బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, పెళ్ళయిన స్త్రీలు వీటిలో చేరారు. పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. మన వాడుకలో దానికి "కరస్పాండెన్సు డిగ్రీ" అన్న పేరు స్థిరపడింది. ఆ మాట పలికేటప్పుడు గొంతులో కాస్త చులకన కూడా స్థిరపడింది.

1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పుస్తకాలు తెలుగులో రావడం మొదలైంది. చరిత్ర, అర్థశాస్త్రం, వృక్షశాస్త్రం తెలుగులో చదివి డిగ్రీ పరీక్ష రాయవచ్చునన్న ధైర్యం జనానికి కలిగింది. ఆ పునాది లేకుంటే తరువాతి అడుగు పడేది కాదు.

ఆ అడుగు 1982లో పడింది. భవనం వెంకట్రామ్‌గారు ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లో, ఆ సంవత్సరం ఆగస్టు 26న, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1969లో ఏర్పడి 1971లో పాఠాలు మొదలుపెట్టిన బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ దానికి నమూనా. మొదటి ఉపకులపతి ఆచార్య జి.రాంరెడ్డిగారు. ఆయన అంతకుముందు ఉస్మానియా ఉపకులపతి. తరువాత ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి, ఆపైన విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి, అంటే యు.జి.సి.కి, అధ్యక్షుడు అయ్యారు. ఒక తెలుగు ఆచార్యుడు రాజద్వారానికి, దిడ్డివాకిలికి రెండింటికీ కాపలా కాసిన అరుదైన సందర్భం ఇది.

ఆ విశ్వవిద్యాలయంలో కొత్తది ఏమిటి? తపాలా కోర్సులో చేరాలన్నా అప్పటిదాకా ఇంటర్మీడియట్ పాసై ఉండాలి. ఇక్కడ ఆ పట్టా లేనివారు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు. పదో తరగతితో ఆగిన కండక్టరు, బడి మొగం మధ్యలో మరచిన గృహిణి డిగ్రీ విద్యార్థులయ్యారు. పుస్తకాలు తెలుగులో, ఇంటివద్ద చదివేవాడికి అర్థమయ్యేటట్లు పాఠం పాఠంగా రాసి ఇచ్చారు. ఆకాశవాణిలో పాఠాలు వినిపించారు. జిల్లాల్లోని కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి సెలవు దినాల్లో తరగతులు నడిపారు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ పేరు దానికి తగినది.

దేశం ఈ నమూనాను అనుసరించింది. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇగ్నో 1987లో 4,528 మంది విద్యార్థులతో మొదలై, లక్షల మంది చదివే సంస్థగా ఎదిగింది. 1996లో మైసూరులోని తపాలా విద్యాసంస్థ కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మారింది.

గీతకు ఈవల

ఇక మన ఊరి సంగతికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. 1945లో వెలసిన మన వీరశైవ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం కింద పుట్టింది. ఆ తరువాత మన ప్రాంతపు కళాశాలలు ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయం కిందికి, 1980 నుండి గుల్బర్గా విశ్వవిద్యాలయం కిందికి, 2010 నుండి మన ఊళ్ళోనే ఉన్న విజయనగర శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. ఊరు కదలలేదు, పట్టా మీది ముద్ర మాత్రం మారుతూ వచ్చింది.

గీతకు అటు అనంతపురంలో కృష్ణదేవరాయల పేరిట ఒక విశ్వవిద్యాలయం, ఇటు బళ్ళారిలో అదే రాజు పేరిట మరొకటి. తెలుగులో కావ్యం రాసిన కన్నడ రాయడని పేరు పొందిన ఆ మహారాజుకు ఈ రెండు గౌరవాలూ తగినవే. కాని ఆ రెండింటి మధ్య తెలుగు పిల్లవాడి పరిస్థితి ఏమిటి? అటు వెళితే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వరుసలో 85 శాతం సీట్లు స్థానికులవి. మన పిల్లవాడు అక్కడ స్థానికుడు కాడు. ఇటు ఉంటే డిగ్రీ బోధన ఇంగ్లీషులో గాని, కన్నడంలో గాని సాగుతుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డకు అది కొత్త మెట్టు.

అలాంటప్పుడు తెలుగు పుస్తకాలతో ఇంటికి వచ్చే హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయమే మనకు తగినది కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే గీత అడ్డు వస్తుంది. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం వెలుపల దూరవిద్యా కేంద్రాలు నడపరాదన్నది యు.జి.సి. నియమం. మనకోసమే రాసినట్లున్న ఆ తెలుగు పాఠ్యపుస్తకం సరిహద్దు అవతలే ఆగిపోతుంది. దిడ్డివాకిలి కట్టినవారు మన భాషవారే. అది తెరుచుకునే వీధి మాత్రం మనది కాదు.

ఆ నియమం ఎందుకు వచ్చింది

ఆ నియమం మీద మనకు కోపం రావడం సహజం. కాని అది ఊరికే రాలేదు. 2000 తరువాత ఎన్నో విశ్వవిద్యాలయాలు ఇతర రాష్ట్రాల్లో ప్రైవేటు దుకాణాల ద్వారా అధ్యయన కేంద్రాలు తెరిచాయి. గ్రంథాలయం లేదు, అధ్యాపకుడు లేడు, ఫీజు వసూలు చేసే బల్ల మాత్రం ఉన్నది. అనుమతి లేని కోర్సులు కూడా అమ్ముడుపోయాయి.

ఆ పాపం ఎవరికి చుట్టుకున్నదో చూడండి. 2015లో యు.జి.సి. కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 2012–13 తరువాత గుర్తింపు లేదని ప్రకటించింది. రాష్ట్రం వెలుపల సంస్థలతో కలిసి కోర్సులు నడపడం అందులో ముఖ్య కారణం. తప్పు ఎక్కడో జరిగినా, బళ్ళారిలోనో రాయచూరులోనో నిజాయితీగా చేరి చదివిన విద్యార్థి సంవత్సరాలు గాలిలో వేలాడాయి. 2018–19 నుండి గుర్తింపు తిరిగి వచ్చింది. ఆ సంస్థ నేడు గుర్తింపుతోనే నడుస్తున్నది. కాని మధ్యలో పోయిన కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

2009లో సుప్రీంకోర్టు అన్నామలై విశ్వవిద్యాలయం వ్యాజ్యంలో, మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన ఎం.ఏ. పట్టా ఉద్యోగార్హతకు చెల్లదని తీర్పు చెప్పింది. 2017 నవంబరులో మరొక తీర్పులో, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలను నిలిపివేసి, 2001 నుండి 2005 వరకు చేరినవారు మళ్ళీ పరీక్ష రాయాలన్నది. అప్పటికి వారిలో ఎందరో ఉద్యోగాల్లో స్థిరపడినవారు. మెట్లు దాటవేసిన చదువు ఎప్పుడు కూలుతుందో చెప్పలేము.

నేటి నియమం, మన నిర్ణయం

ఇప్పటి నియమం స్పష్టంగా ఉన్నది. యు.జి.సి. 2020 నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం అనుమతి పొందిన కోర్సులో దూరవిద్య ద్వారా గాని, ఆన్‌లైను ద్వారా గాని ఇచ్చిన డిగ్రీ మామూలు కళాశాల డిగ్రీతో సమానం. కాబట్టి "కరస్పాండెన్సు డిగ్రీకి విలువ లేదు" అన్న పాత మాటను మనం మానుకోవాలి. అయితే ఇంజనీరింగు, వైద్యం, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో చెల్లవు. వీటిని చౌకగా ఇప్పిస్తామని ఎవరైనా మీ గడపకు వస్తే గౌరవంగా సాగనంపండి.

ఈ చరిత్ర నుండి నేను తీసుకున్న పాఠాన్ని, టీచరు ట్రైనింగు సర్టిఫికెట్టుతో బడిలో తెలుగు చెప్పుకునే ఉపాధ్యాయుడిగా, మీ ముందు పెడుతున్నాను.

మొదట ముద్ర చూడండి. చేరే సంవత్సరానికి, చేరే కోర్సుకు అనుమతి ఉన్నదా లేదా అన్నది యు.జి.సి. ప్రకటించిన జాబితాలో చూసుకోండి. సంస్థ పేరు పెద్దదైతే చాలదు. కిందటి యేడు ఉన్న అనుమతి ఈ యేడు ఉండాలనీ లేదు. ఏజెంటు చూపే కాగితం చాలదు. మన కర్ణాటకలో ఉన్నాము కాబట్టి మైసూరు సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశమంతటికీ పరిధి ఉన్న ఇగ్నో మనకు అందుబాటులో ఉన్న దిడ్డివాకిళ్ళు. పి.యు.సి. లేనివారికి ఇగ్నో ఆరు నెలల సన్నాహక కోర్సు పెట్టి డిగ్రీకి దారి చూపింది.

రెండవది, నిజమైన ఖర్చు లెక్క వేయండి. ప్రభుత్వ ప్రథమ దర్జె కళాశాలలో ఫీజు చాలామంది భయపడేంత ఉండదు. విద్యార్థివేతనం, వసతిగృహం, బస్సు పాసు రెగ్యులర్ విద్యార్థికి సులభంగా దొరుకుతాయి. ఇవి కలిపి చూస్తే పెద్ద ద్వారమే చౌకైన ఇళ్ళు ఉన్నాయి. ఇంటికి బిడ్డ సంపాదన తప్పనిసరి అయినచోట మాత్రం దూరవిద్య నిజంగా వరం. అక్కడ కూడా మూడేళ్ళ డిగ్రీని మూడేళ్ళలోనే ముగించాలన్న పట్టుదల కావాలి. ఇగ్నో ఆరేళ్ళ గడువు ఇస్తుంది. ఆ గడువు కష్టంలో ఉన్నవాడికి ఊరట, సోమరికి ఉచ్చు.

మూడవది ఆడపిల్లల గురించి. 1823లో 6,641 మందిలో 60 మంది ఆడపిల్లలు. నేడు మన ఊళ్ళో వారికోసమే అల్లం సుమంగళమ్మ స్మారక మహిళా కళాశాల ఉన్నది. దూరవిద్య ఆమెకు ఇష్టమై ఎన్నుకుంటే మంచిదే. బయటికి పంపడం ఇష్టంలేక మనం ఎన్నుకుంటే మాత్రం అది చదువు పేరిట ఇంట కూర్చోబెట్టడమే. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టింది ఇంట్లో చిక్కుకున్నవారిని బయటికి తేవడానికి. బయట ఉన్నవారిని ఇంట్లోకి పంపడానికి కాదు.

చివరిది తెలుగు. ఏ వాకిలి గుండా వెళ్ళినా, భాషా పత్రంగా తెలుగు తీసుకొనే అవకాశం ఉన్నచోట వదలవద్దు. ఇగ్నో పాత డిగ్రీ కోర్సులో తెలుగు కూడా ఒక పునాది పత్రంగా ఉండేది. ఇప్పుడు ఏమున్నదో చేరేముందు అడిగి తెలుసుకోండి. బడిలో భాషోపాధ్యాయుడు కావాలంటే డిగ్రీలో ఆ భాష చదివి ఉండాలని అడగడం మామూలు. మన పిల్లలు డిగ్రీలో తెలుగు వదిలేస్తే, పదేళ్ళ తరువాత మన తెలుగు బడుల్లో ఖాళీ అయిన కుర్చీలకు అర్హులు దొరకరు. ఉపాధ్యాయుడు లేని బడి మూతపడడానికి ఎక్కువ కాలం పట్టదు. క్యాంబెల్ లెక్కలోని 226 తెలుగు బడులకు వారసులుగా మిగిలినవాటిని కాపాడుకోవడం, ఈ జూన్ నెలలో మీరు నింపే ఒక దరఖాస్తులోని ఒక గడి మీద కూడా ఆధారపడి ఉన్నది.

బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఈ నాలుగు సంగతులూ ఆమెతోనో అతనితోనో మాట్లాడి, ఆ తరువాతే దరఖాస్తు మీద సంతకం చేయండి. చదవబోయేది మీరు కాదు, వారు.

సెలవు.